టోలెఫ్‌సన్ మైలు

ఏప్రిల్ 2, మంగళవారం

నది ఇంకా దిగలేదు. రేవు దగ్గర ఆరు మెట్లు నీళ్ళలోనే ఉన్నాయి. పోటీకి ముందు మన జట్టు పిల్లలు కుడి బూటు నదిలో ముంచాలి కదా, ఈ ఏడు వాళ్ళు దిగి వెళ్ళే పని లేదు. నదే పైకి వచ్చింది.

పొద్దున ఆటల డైరెక్టర్ ఫ్లూగర్ నేను చూసుకునే జట్టు సామాన్ల గదికి వచ్చాడు. చేతిలో కాఫీ, మొహంలో ఏదో పని అంటగట్టబోయే నవ్వు. వచ్చే ఏడాదికి వెదర్‌బీ కాలేజీలో ఆటలు మొదలై వందేళ్ళట. చరిత్ర పుస్తకం వేస్తారట.

"మీరు కాక ఇంకెవరు రాస్తారు లీలాండ్? ఈ కాలేజీలో మీకు తెలియని అంకె లేదు."

సరే అన్నాను. ఇంటికి వెళ్ళి అడగాల్సినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అక్కడికక్కడే అన్నాను.

1971 పేజీ ఇంకెవరికైనా ఇవ్వమని అడగాల్సింది. అడగలేదు.

ఏప్రిల్ 6, శనివారం

మొదటి అధ్యాయం అయింది. పాత పడవ నడిపిన హైరమ్ వెదర్‌బీ, అతని డబ్బుతో కట్టిన రెండు గదుల కాలేజీ, అందుకే మన జట్టుకి పడవవాళ్ళని పేరు. బురద రంగు, పసుపు రంగు చొక్కాలు. బయటి ఊళ్ళవాళ్ళు 'బురద కాలేజీ' అని ఏడిపిస్తే, మనవాళ్ళు లేచి నిలబడి 'బురద! బురద!' అని వాళ్ళకంటే గట్టిగా అరవడం. ఎప్పుడు మొదలైందో నాకూ తెలియదు. 1938 అని రాశాను.

ఆడపిల్లల జట్టు 1974లో మొదలైనప్పుడు వాళ్ళకి చొక్కాలు లేవు. మగపిల్లల పాత చొక్కాలు నేనే ఇచ్చాను, పిన్నీసులు కూడా నేనే కొనుక్కొచ్చాను. అది రాస్తుంటే సంతోషం వేసింది. 1992లో ఫుట్‌బాల్ ఎత్తేశారు. అది రెండు వాక్యాల్లో తేల్చేశాను.

ఇక మిగిలింది పరుగు. పరుగులో మిగిలింది ఒర్రిన్.

వ్యాయామశాల గోడమీద చెక్క బోర్డు. మైలు పరుగు, ఒర్రిన్ టోలెఫ్‌సన్, 4:03.6, 1971. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజు ఆ పేరు ముట్టుకుంటారు. ముట్టుకునీ ముట్టుకునీ 'ఓ' అక్షరం అరిగిపోతుంది. రెండేళ్ళకోసారి నేనే రంగు వేస్తాను. ప్రతి వసంతంలో సొంత మైదానంలో జరిగే చివరి పోటీలో చివరి పరుగు టోలెఫ్‌సన్ మైలు. ఎవరైనా ఏ రికార్డు అయినా బద్దలు కొడితే పాత పడవ గంట మోగిస్తారు. ఆ మైలుకి మాత్రం నలభై ఎనిమిదేళ్ళుగా గంట మోగలేదు.

1971 రేపు రాస్తాను.

ఏప్రిల్ 7, ఆదివారం

వెర్లా ఇంట్లో భోజనం. కాల్చిన పందిమాంసం, బంగాళదుంపలు, ఈ ఏటి మొదటి పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి పై. ఒర్రిన్ అక్క వెర్లా. డెబ్భై నాలుగేళ్ళు. ఒర్రిన్ చనిపోయిన ఏడాది నుంచి ఆదివారం మధ్యాహ్నం నాకు అక్కడే భోజనం. ఒక్కసారే ఎగ్గొట్టాను, అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు. అప్పుడు కూడా డబ్బాలో పెట్టి ఆసుపత్రికి తెచ్చింది.

ఏటా మైలు గెలిచినవాడికి కప్పు ఇచ్చేది ఆవిడే. ఇవాళ కూడా ఉపన్యాసం నామీద సాధన చేసింది. ఒక్క మాట మారదు.

"ఆ రోజు సాయంత్రం మా తమ్ముడు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? 'ఆ టైము నాది కాదే అక్కా' అన్నాడు. అంత పరుగు తీసి కూడా నాది కాదన్నాడు! అలాంటి వినయం ఈ రోజుల్లో ఎక్కడుంది?"

ఇక్కడ అందరూ చప్పట్లు కొడతారు. ఆవిడ వాళ్ళకోసం కాసేపు ఆగుతుంది. ఇవాళ ఆగినప్పుడు నేను రూబార్బ్ పై ఇంకో ముక్క కోసుకున్నాను.

ఏప్రిల్ 9

వాన.

ఏప్రిల్ 13, శనివారం

మా చివరి ఏడాది కుర్రాడు ఎఫ్రాయిన్ సముదియో ఇవాళ మైలు పరిగెత్తాడు. 4:04.8.

చివరి మలుపు దాటేసరికి జనం లేచారు. 'బురద! బురద!' గీత దాటి, వంగి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని టైము బోర్డు వైపు చూశాడు. అంకె వెలిగింది. మైదానమంతా ఒకేసారి "అయ్యో" అంది.

నేను కూడా అన్నాను. నేను అనకూడదు.

ఏప్రిల్ 15, సోమవారం

ఇది నేను తప్ప ఎవరూ చూడని పుస్తకం. ఇందులో కూడా ఇన్నేళ్ళూ రాయలేదు. ఇవాళ రాస్తాను.

1971 మే 15. ఉదయం నుంచి వాన. చూడ్డానికి వచ్చినవాళ్ళు పదకొండు మంది. టైము పెట్టడానికి ముగ్గురు ఉండాలి, మూడు గడియారాలు ఉండాలి, కాగితంమీద మూడు గళ్ళు ఉంటాయి. రసాయన శాస్త్రం పంతులు రాలేదు, వానకి భయపడి. రెండోవాడి కారు బురదలో దిగబడింది. నేనొక్కణ్ణే. అప్పట్లో నేను జట్టు సామాన్లు చూసే విద్యార్థిని. కోచ్ అవతలి మలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు.

ఒర్రిన్ ఒక్కడే ముందు. రెండోవాడు ఎనభై గజాల వెనక. ఒర్రిన్ గీత దాటినప్పుడు గడియారం నొక్కాను. 4:06.4.

ఆ ఏడు జూన్‌లో అతని చదువు అయిపోతుంది. చదువు అయిపోతే వియత్నాం. సైన్యం తీసిన లాటరీలో అతని పుట్టినరోజుకి పదకొండో నంబరు వచ్చింది, అంటే మొదటి విడతలోనే పిలుపు. సైన్యానికి ఒక పరుగు జట్టు ఉండేది. అందులో చేరినవాళ్ళు దేశంలోనే ఉండి పోటీలకి పరిగెత్తేవాళ్ళు. మైలుకి 4:04 లోపల టైము ఉండాలని ఎవరో చెప్పారు. ఆ చలికాలమంతా మేమిద్దరం ఆ అంకె గురించే మాట్లాడుకున్నాం.

మూడు గళ్ళు నింపాను. 4:03.5. 4:03.6. 4:03.7. మధ్యదే లెక్క. కోచ్ తడి చేత్తో సంతకం పెట్టేశాడు, చూడను కూడా చూడలేదు.

ఒర్రిన్ వచ్చి కాగితం చూశాడు. జుట్టులోంచి నీళ్ళు కాగితంమీద పడుతున్నాయి.

"నిజంగానా లీ?"

"నిజంగా."

పరిగెత్తేవాడికి తన టైము తెలుస్తుంది. కాళ్ళకి తెలుస్తుంది. నావైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తొమ్మిది వారాలు నాతో మంచీ చెడూ మాట్లాడాడు కానీ, ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. జూలైలో ఒర్రిన్ వాళ్ళ మావయ్యగారి ధాన్యం గాదెలో మొక్కజొన్న కిందికి జారి ఊపిరాడక పోయాడు. సైన్యానికి పంపాల్సిన దరఖాస్తు అతని సొరుగులో ఉంది. నింపనే లేదు.

అక్కతో అన్నది వినయం కాదు.

ఎఫ్రాయిన్ శనివారమే రికార్డు కొట్టేశాడు. ఆ సంగతి ప్రపంచంలో నా ఒక్కడికే తెలుసు.

ఏప్రిల్ 16

అయినా ఎవరికి నష్టం? వాడు మే 4న టోలెఫ్‌సన్ మైలులో ఎలాగూ కొడతాడు. ఇంకా ఒక్క సెకను, అంతేగా. అప్పుడు గంట మోగుతుంది, పాత అంకె చెరిగిపోతుంది, అంతా సర్దుకుంటుంది.

ఏప్రిల్ 18, గురువారం

కోచ్ మార్లిస్ క్వేడ్ సామాన్ల గదిలోకి వచ్చి తలుపు వేసింది. ఆవిడ తలుపు వేయడం ఇదే మొదటిసారి.

"ఎఫ్రాయిన్ కుంటుతున్నాడు, చూశారా?"

"కొంచెం."

"కొంచెమా? మోకాలి కింద ఎముక నొక్కితే ఎగిరి పడుతున్నాడు. ఎక్స్‌రే తీయించమంటే ఏమీ లేదంటాడు. నేను రెండు వారాలు పరిగెత్తొద్దని ఆపేశాను. వాడేమో నది కట్టమీద దొంగతనంగా పరిగెత్తుతున్నాడు. లీలాండ్ గారూ, మీ మాట వింటాడు. ఒకసారి చెప్పి చూడండి."

"ఆ వయసులో ఎముకలు వాటంతట అవే అతుక్కుంటాయి" అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు బాగాలేదు.

ఏప్రిల్ 19, శుక్రవారం

కట్టమీదికి వెళ్ళాను. వాన తుంపర. వాడు ఎదురుగా వచ్చాడు. నన్ను చూడగానే కుంటడం మానేశాడు, అది చూస్తే కుంటడం కంటే బాధ వేసింది.

"పట్టుకున్నారా, గడియారం తాతా?" అన్నాడు నవ్వుతూ. పిల్లలు నన్ను అలాగే పిలుస్తారు.

"కోచ్ వద్దన్నదిగా."

"నడుస్తున్నాను. కొంచెం స్పీడుగా నడుస్తున్నాను."

"ఎందుకురా ఇంత పంతం? నీ పేరున మూడు రికార్డులున్నాయి కదా."

వాడు నదివైపు తిరిగాడు. వాళ్ళది రాష్ట్రానికి అటు చివర, మాంసం ఫ్యాక్టరీ ఊరు. వాళ్ళమ్మ ఇరవై ఏళ్ళుగా అక్కడే కత్తి పట్టుకుని నిలబడుతుంది. నాకు తెలుసు, కానీ వాడి నోట ఎప్పుడూ వినలేదు.

"మిగతావి కంప్యూటర్లో ఉన్నాయండీ. గోడమీద ఉన్నది ఒక్క మైలే. అమ్మ మే 4న వస్తోంది. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. నా పేరు మాత్రం చదువుతుంది."

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

"మంచు గడ్డ పెట్టుకో" అన్నాను.

ఏప్రిల్ 21, ఆదివారం, ఈస్టర్

వెర్లా ఇంట్లో. మాంసం, చిలగడదుంపలు. పక్కింటి పిల్లలు వెతుక్కోవడానికని రంగు గుడ్లు తోటలో దాచింది, వాళ్ళు రాలేదు. మేమిద్దరమే వెతుక్కున్నాం. ఒకటి దొరకలేదు.

ఏప్రిల్ 24

1930ల బాస్కెట్‌బాల్ అధ్యాయం అయింది. బాగా వచ్చింది.

ఏప్రిల్ 25

1971 ఇంకా ఖాళీ. ఫ్లూగర్ అడిగాడు. ఫొటో వెతుకుతున్నానని చెప్పాను. ఫొటో నా సొరుగులోనే ఉంది.

ఏప్రిల్ 28, ఆదివారం

వెర్లాకి ఇవాళ చెబుదామని వెళ్ళాను. ఆవిడ గడపలోనే ఎదురైంది. కొత్త గౌను కుట్టించుకుంది, పసుపుది, మే 4 కోసం.

"ఈసారి ఆ అబ్బాయి కొడతాడంటున్నారు, నిజమేనా?"

"కొట్టొచ్చు."

"కొట్టనీ లీలాండూ. నాకేం బాధ లేదు. ఒర్రిన్ ఉంటే వాడే ముందు వెళ్ళి గంట మోగించేవాడు. నా చేత్తో కప్పిచ్చి, ముద్దుపెట్టి, ఇక చాలని ఇంట్లో కూర్చుంటాను."

అలాంటప్పుడు ఎలా చెబుతారు ఎవరైనా?

ఏప్రిల్ 30, మంగళవారం

ఫ్లూగర్‌కి చెప్పేశాను. మొత్తం. వాన, మూడు గళ్ళు, అన్నీ.

కాఫీ కప్పు పక్కన పెట్టాడు. మంచివాడే, నన్ను తిట్టలేదు.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు."

"లీలాండ్, మనకి పెద్ద స్టేడియం లేదు. టీవీలో రాం. ఫుట్‌బాల్ కూడా లేదు. ఈ కాలేజీకి ఉన్నది ఒక్క కథ. పిల్లలు మొదటి రోజు వచ్చి ముట్టుకునే ఒక్క పేరు. ఆరు రోజుల్లో... కాదు, నాలుగు రోజుల్లో పోటీ పెట్టుకుని దాన్ని పీకేయమంటారా?"

"ఎఫ్రాయిన్ కాలు..."

"కాలు సంగతి మార్లిస్ చూసుకుంటుంది. శనివారం కానివ్వండి. తర్వాత కూర్చుని మాట్లాడదాం. నేను మాటిస్తున్నాను."

బయటికి వచ్చేసరికి ఎంత తేలికగా అనిపించిందో. నేను చెప్పాల్సినవాళ్ళకి చెప్పాను. ఇక అది నా చేతుల్లో లేదు.

మే 1

నా చేతుల్లో లేదు.

మే 3, శుక్రవారం

మార్లిస్, ఎఫ్రాయిన్ మైదానంలో అరుచుకున్నారు. నేను కిటికీలోంచి విన్నాను.

"నిన్ను పోటీకి దింపనంటే దింపను!"

"చివరి ఏడాది కోచ్! ఇదే నాకు చివరి మైలు! మా అమ్మ బస్సెక్కింది కూడా!"

"కాలు విరిగితే?"

"విరిగితే నాది విరుగుతుంది, మీది కాదు కదా!"

ఆవిడ ఏడ్చింది. చివరికి ఒప్పుకుంది. నేను చొక్కాలు మడతపెడుతూ ఉన్నాను. వాడిది ఇరవై రెండో నంబరు. రెండుసార్లు మడిచాను.

మే 4, శనివారం

ఎండ వచ్చింది. నది రంగు కూడా మారింది. పిల్లలు వరసగా రేవుకి వెళ్ళి బూట్లు ముంచారు. ఎఫ్రాయిన్ ఎడమకాలిమీద నిలబడి ముంచాడు. కుడికాలు నొప్పి కాబట్టి కాదు, ఎడమది నొప్పి. నొప్పి కాలుమీద నిలబడి నవ్వుతూ మాకు చేయి ఊపాడు.

వాళ్ళమ్మ రెండో వరసలో కూర్చుంది. చిన్న మనిషి. ఒళ్ళో సంచి, సంచిలో వాడికి తెచ్చిన, మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు. ఆవిడ పక్కన వెర్లా, పసుపు గౌనులో. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఏదో మాట్లాడుకుంటున్నారు.

వెర్లా ఉపన్యాసం ఇచ్చింది. ఆ టైము నాది కాదే అక్కా. చప్పట్లు.

ఎలక్ట్రిక్ గడియారం ఉన్నా, నేను నాది కూడా పట్టుకుంటాను ఎప్పుడూ. మొదటి చుట్టు 60.9. రెండోది అయ్యేసరికి 2:01.5. అంత బాగా ఎవరూ పరిగెత్తడం నేను చూడలేదు. అంతా లేచి నిలబడ్డారు. మూడోది అయ్యేసరికి 3:02.4. చివరి చుట్టు మొదలైంది, మైదానం అవతలి వైపు వాడి తల ఒకసారి పక్కకి వాలింది. మళ్ళీ సర్దుకున్నాడు. చివరి మలుపు తిరుగుతుండగా విరిగింది. శబ్దం మా దాకా వచ్చింది. ఎండుకొమ్మ విరిచినట్టు.

వాడు లేవబోయాడు. లేచాడు కూడా, ఒక్క అడుగు. మళ్ళీ పడ్డాడు. చేతులమీద పాకడం మొదలుపెట్టాడు. మార్లిస్ వెళ్ళి మీద పడి పట్టుకుంది.

వాళ్ళమ్మ గొంతు ఒక్కటే వినబడింది. కంచె దాటి పరిగెత్తింది, సంచితో సహా.

ఇంటికొచ్చి కోటు విప్పుతుంటే జేబులో గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపలేదు నేను. ఒక గంటా నలభై రెండు నిమిషాలు.

మే 5, ఆదివారం

వెర్లాకి చెప్పాను. కంచాలు పెట్టకముందే చెప్పాను.

ఆవిడ కుర్చీ వెనక్కి లాగి కూర్చుంది. పొయ్యిమీద దుంపలు మాడుతున్నాయి, ఇద్దరం లేవలేదు.

"అయితే వాడు నిజమే చెప్పాడు" అంది.

బల్లగుడ్డ అంచు సరిచేసింది.

"నాతో నిజం చెప్పుకుందామని ఆ వానలో ఇంటికొచ్చాడు. నేనేమో నవ్వి, బుగ్గ గిల్లి, చాల్లే నీ వినయం అని సూప్ పోశాను. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు? వాడు చెప్పుకున్న ఒక్క మనిషీ విననే లేదు కదా."

"వెర్లా, నేను..."

"నలభై ఎనిమిదేళ్ళు లీలాండ్. నలభై ఎనిమిదేళ్ళు వాడి మాటని జోకులాగా చెప్పాను, మైకులో. నువ్వు పక్కనే కూర్చున్నావు. నా చేతి కూడు తింటూ కూర్చున్నావు."

నావైపు తిరిగి అడిగింది. "ఎందుకు చేశావు?"

"యుద్ధానికి పోతాడని."

"అంతేనా?"

చెప్పడం నాకు రాదు. ఏ రోజూ రాలేదు.

"అది నాకు ఎప్పుడో తెలుసు" అంది వెర్లా. గొంతు కొంచెం మెత్తబడింది, ఆ ఒక్క మాటకే. "వాణ్ణి పూడ్చిన రోజు నీ మొహం చూసి తెలుసుకున్నాను. నేను కాక వాడికోసం అంతలా ఏడవగలిగినవాడు ఒకడున్నాడని నీకు అన్నం పెట్టాను. అది తెలుసు. ఇది తెలియదు."

లేచి పొయ్యి ఆపింది. నా కోటు తెచ్చి ఇచ్చింది.

మే 7, మంగళవారం

ఎఫ్రాయిన్ ఆసుపత్రి గదిలో ఉన్నాడు. ఎముకలో రాడ్ వేశారు. వాళ్ళమ్మ పక్క కుర్చీలో నిద్రపోతోంది. మెల్లగా చెప్పాను.

వాడు గది పైకప్పు వైపు చూస్తూ విన్నాడు. తర్వాత అడిగాడు.

"అసలు టైమెంత?"

"4:06.4."

వేళ్ళమీద లెక్క వేసుకోలేదు. వెంటనే తెలిసిపోయింది వాడికి.

"అంటే పదమూడో తారీఖునే కొట్టేశాను."

"అవును."

"కట్టమీద నేను కుంటుతుంటే చూశారు. ఎందుకురా పంతం అనడిగారు. అమ్మ సంగతి చెప్పాను మీకు. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మంచు గడ్డ పెట్టుకోమన్నారు."

వాడి గొంతు పెరిగింది. వాళ్ళమ్మ లేచింది. వాడు స్పానిష్‌లో ఆమెకేదో చెప్పాడు. ఆమె నావైపు చూసింది. తిట్టింది కూడా నాకు అర్థం కాలేదు. అర్థమై ఉంటే బాగుండేది.

మే 8

ఫ్లూగర్‌కి, లీగ్ ఆఫీసుకి, కాలేజీ పత్రికకి ఒకే ఉత్తరం రాశాను. మూడు ప్రతులు. నా సంతకం. పోస్టులో వేసి వచ్చాకే ఫ్లూగర్‌కి ఫోన్ చేశాను.

"నాకు కొంచెం టైము ఇవ్వాల్సింది" అన్నాడు.

"చాలా ఇచ్చాం" అన్నాను.

మే 10, శుక్రవారం

పత్రికలో వచ్చింది. సామాన్ల గది తలుపుమీద ఎవరో సుద్దతో 'దొంగ గడియారం' అని రాశారు. తుడవలేదు. మధ్యాహ్నానికి మార్లిస్ తుడిచినట్టుంది.

ఆవిడ నాతో మాట్లాడదు. చొక్కాల లెక్క కాగితం బల్లమీద పెట్టి వెళ్ళిపోతుంది.

మే 12, ఆదివారం

డబ్బా సూప్. పన్నెండింటికి వేడి చేసి, ఒంటిగంటకి మళ్ళీ వేడి చేసి తిన్నాను.

మే 15

ఇవాళ్టికి నలభై ఎనిమిదేళ్ళు. 1971 పేజీ రాశాను. ఒక పేజీనే. వాన, గళ్ళు, పదకొండు మంది. అతని గురించి ఎంత రాసినా టైము గురించే అవుతోంది. అదొక్కటే నాకు రాయడం వచ్చినట్టుంది.

రాజీనామా కూడా ఇచ్చాను. ఫ్లూగర్ వద్దనలేదు. పుస్తకం మాత్రం నా పేరుతోనే వేస్తానన్నాడు. వేయొద్దన్నాను.

మే 17, శుక్రవారం

బోర్డు కిందికి దింపి నేనే దిద్దాను. వేరేవాళ్ళు చేస్తామన్నారు కానీ అక్షరాలు వంకరగా వస్తాయి. ఎఫ్రాయిన్ సముదియో, 4:04.8. దాని కింద చోటు లేదు, ఎప్పుడూ ఒక్క పేరే ఉంటుంది మైలుకి. ఒర్రిన్ పేరు గీరేశాను. అరిగిన 'ఓ' ముందు పోయింది. మిగతావి పోవడానికి చాలాసేపు పట్టింది.

మే 18, శనివారం

గంట మోగించారు. డిగ్రీ పట్టాలిచ్చే పండుగ అయిపోయాక, జనం చాలామంది వెళ్ళిపోయాక. ముప్ఫై మంది ఉండి ఉంటారు. ఎఫ్రాయిన్ రెండు కర్రలమీద నిలబడి మోగించాడు. నేను వ్యాయామశాల తలుపు వెనక నిలబడ్డాను.

వాళ్ళమ్మ బోర్డు దగ్గరికి వచ్చింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలు పెట్టకుండా, గాలిలోనే ఒక్కొక్క అక్షరం కింద వేలు జరుపుతూ చదివింది. గట్టిగా చదివింది. తప్పు లేకుండా చదివింది.

కప్పు ఇవ్వడానికి వెర్లా రాలేదు. మార్లిస్ ఇచ్చింది.

మే 19, ఆదివారం

మధ్యాహ్నం వెర్లా ఇంటి వీధిలో నడిచాను. ఆగలేదు. కారు అక్కడే ఉంది. తోటలో రూబార్బ్ కోయకుండా ముదిరిపోయింది.

మే 26, ఆదివారం

నడవలేదు.

మే 29, బుధవారం

సామాన్ల గది ఖాళీ చేస్తున్నాను. తాళంచెవి రేపు ఇచ్చేయాలి. అరలన్నీ ఖాళీ అయ్యేదాకా గది ఇంత పెద్దదని తెలియలేదు.

మూడింటికి కర్రల చప్పుడు వినబడింది. ఎఫ్రాయిన్. చొక్కా తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఉతికి, మడిచి తెచ్చాడు, మడత మాత్రం సరిగ్గా లేదు. బల్లమీద పెట్టాడు. నేను పుస్తకంలో రాసుకున్నాను. ఇరవై రెండు, తిరిగి వచ్చింది.

వెళ్ళిపోతాడనుకున్నాను. తలుపు దాకా వెళ్ళాడు కూడా.

"నేను మిమ్మల్ని క్షమించలేదు" అన్నాడు.

"అక్కర్లేదు."

"అక్కర్లేదని మీరు చెప్పొద్దు. అది నా ఇష్టం."

"సరే."

కర్రలు సర్దుకున్నాడు. నిలబడ్డం కష్టంగా ఉన్నట్టుంది, నేను కుర్చీ తోశాను. కూర్చోకుండా దానిమీద చేయి ఆనించాడు.

"నాలుగేళ్ళు అతని పేరు ముట్టుకున్నాను. ప్రతి పరుగులో ముందు అతనే ఉన్నట్టు పరిగెత్తాను. ఇప్పుడు చూస్తే నాకు ఆ అంకె తప్ప ఏమీ తెలియదు. అది కూడా అబద్ధం." నావైపు తిరిగాడు. "ఎలాంటివాడు?"

నలభై ఎనిమిదేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. ఎలా పరిగెత్తేవాడని అడిగారు. ఎంత వేగమని అడిగారు. కాలు ఎంత పొడవని కూడా ఒకడు అడిగాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది: "పాడటం అస్సలు రాదు. అయినా బస్సులో పాడేవాడు."

ఎఫ్రాయిన్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. విరిగిన కాలు చొక్కాల పెట్టెమీద చాపుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.

ఆరింటిదాకా మాట్లాడాను. మిగతాదంతా ఇక్కడ రాద్దామని కూర్చున్నాను, కానీ రాయడానికేమీ మిగల్లేదు. చెప్పేశాను.